కీచురాయి: చెవి పెట్టిన పేరు

కీచుమనే చప్పుడులోంచే కీచురాయి అన్న మాట పుట్టింది. ఈ పురుగును చూసినవాళ్లకంటే విన్నవాళ్లే ఎక్కువ. నిఘంటువుల్లో దీనికి ఇలకోడి అనే పేరూ ఉంది. ఇల అనగానే నేల గుర్తొస్తుంది. గోడ పగుళ్లలో, రాళ్ల కింద దాగే గోధుమరంగు వాటికి అది బాగా నప్పుతుంది.

తోటలో కొమ్మల మీద బతికే దాని చుట్టం వేరు. సన్నటి లేతాకుపచ్చ ఒళ్లు, గాజులాంటి రెక్కలు, ఒంటికంటే పొడవైన మీసాలు. శాస్త్రవేత్తలు దీన్ని ఈకాంథస్ అంటారు. గ్రీకు మూలాన్ని బట్టి, పువ్వులో కాపురముండేది అని అర్థం.

పాడేది మగదే. ముందు రెక్కలు పైకెత్తి ఒకదానితో ఒకటి రాపాడిస్తుంది.

దక్షిణ భారతంలో కనిపించే ఈకాంథస్ హెన్రీ నేర్పు మరీ అబ్బురం. పెద్ద ఆకును ఎంచుకుని, మధ్యలో తన రెక్కలు పట్టేంత కన్నం కొరుకుతుంది. అందులో తల దూర్చి, రెక్కల్ని ఆకుకు సమంగా పరిచి పాడుతుంది. రెక్కల ముందూ వెనకా పుట్టే ధ్వనితరంగాలు ఒకదాన్నొకటి చెరిపేసుకోకుండా ఆకు అడ్డుపడుతుంది, పాట గట్టిగా వినిపిస్తుంది. ఈ ఉపాయాన్ని ఎక్కువగా వాడేవి చిన్న ఒళ్లూ, మెల్లని గొంతూ ఉన్న మగవి. ఆడవి ఆ పాటను ముందుకాళ్లలో ఉన్న చెవులతో వింటాయి.