నాన్నా పులి కాదు, తోడేలు

గౌలి అంటే పాడి పశువుల్ని మేపుకునేవాడు. హైదరాబాదులోని గౌలిగూడ పేరు ఆ కాపరుల గూడేన్ని గుర్తుచేస్తుంది. ఇప్పుడక్కడ దుకాణాలూ బస్సులూ తప్ప మందలు లేవు. ఒకప్పుడు దక్కనులో మంద ఎటు పోతే తోడేలూ అటే పోయేది. చేలల్లో మంద కట్టిన కురుమ కాపరి గొంగడి కప్పుకుని, కుక్కల్ని పక్కన పెట్టుకుని అరకన్నుతో పడుకునేది దాని భయంతోనే.

అయినా మన కథల్లో తోడేలుకు పెద్దపీట దక్కలేదు. ఈసపు కథలో కాపరి పిల్లవాడు అరిచింది ‘తోడేలు’ అని. తెలుగులోకి వచ్చేసరికి అది ‘నాన్నా పులి’ అయింది. శాస్త్రంలోనూ దాదాపు ఇదే జరిగింది. దక్కను తోడేలు అసలు విలువ తెలియడానికి రెండు వందల ఏళ్లు పట్టింది.

1758లో లిన్నేయస్ ఐరోపా తోడేలుకు కేనిస్ లూపస్ అని పేరు పెట్టాడు. మన తోడేలు వంతు 1831లో వచ్చింది. బొంబాయి ప్రభుత్వం తరఫున దక్కనులో లెక్కలు సేకరించిన కల్నల్ విలియం సైక్స్ ఇక్కడి జంతువుల జాబితా ఒకటి ప్రకటించాడు. అందులో తోడేలును కేనిస్ పాలిపెస్ అన్నాడు. లాటిన్‌లో ‘పాలిపోయిన కాళ్లది’ అని అర్థం. బక్కపలచని ఒళ్లు, పొట్టి బొచ్చు, ఎండిన గడ్డిలో కలిసిపోయే రంగు చూసి దాన్ని వేరే జాతిగా లెక్కవేశాడు. తర్వాతి పండితులు అందుకు ఒప్పుకోలేదు. ప్రపంచమంతటా ఉన్న బూడిద రంగు తోడేలుకే ఇదొక ఉపజాతి అని తేల్చి పక్కన పెట్టారు.

పాలకులు దాన్ని పక్కన కూడా పెట్టలేదు. తలకింత అని బహుమతి ప్రకటించి చంపించారు. ఆ చెల్లింపుల లెక్కలు తిరగేసిన చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్, 1875 నుంచి 1925 దాకా యాభై ఏళ్లలో రెండు లక్షల తోడేళ్లు చచ్చాయని అంచనా కట్టారు.

కథ మళ్లీ మలుపు తిరిగింది హైదరాబాదులోనే. హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్ సంచాలకులుగా ఉన్న రోజులవి. రమేశ్ అగర్వాల్, ఆయన సహచరులు మన తోడేళ్ల మైటోకాండ్రియా డీఎన్ఏను చదవడం మొదలుపెట్టారు. ఈ డీఎన్ఏ తల్లి నుంచి మాత్రమే పిల్లలకు వస్తుంది. తరాలు గడిచేకొద్దీ అందులో అక్షరాలు అక్కడొకటి ఇక్కడొకటి మారుతుంటాయి. రెండు జంతువుల మధ్య ఎన్ని అక్షరాల తేడా ఉందో లెక్కపెడితే, వాటి పూర్వీకులు ఎప్పుడు విడిపోయారో అంచనా కట్టవచ్చు.

తేలిన సంగతి వింతగా ఉంది. సైక్స్ చూసిన మైదానపు తోడేలు, హిమాలయాల తోడేలు ఒకదానికొకటి వేరు. రెండూ ఐరోపా, అమెరికా తోడేళ్ల కన్నా కూడా వేరు. మైటోకాండ్రియా లెక్క ప్రకారం హిమాలయ తోడేలు సుమారు ఎనిమిది లక్షల ఏళ్ల కిందట, మైదానపుది నాలుగు లక్షల ఏళ్ల కిందట విడిపోయాయి. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రవేత్తలు అమెరికన్లతో కలిసి చేసిన మరో పరిశోధన కూడా ఆ రోజుల్లోనే ఇదే దారి చూపింది. 2007లో అచ్చయిన వ్యాసంలో సీసీఎంబీ బృందం వీటిని రెండు వేరు జాతులుగా చూడాలని వాదించింది. కేనిస్ ఇండికా, కేనిస్ హిమాలయెన్సిస్ అనే పేర్లు ముందుకు వచ్చాయి. ఆ పేర్లు నిలవలేదు, వాదన మాత్రం నిలిచింది.

  

2021లో లారెన్ హెన్నెలీ, బిలాల్ హబీబ్ తదితరులు మన తోడేళ్ల మొత్తం జన్యుపటాన్ని చదివారు. ఈసారి వరస తారుమారైంది. బతికున్న తోడేళ్ల శాఖలన్నిటిలోకీ పాతది మన మైదానపు తోడేలే కావచ్చని తేలింది. కాపరి వడిసెల తిప్పి తరిమే ఆ బక్క జంతువు లోకంలోని తోడేళ్లన్నిటికీ పెద్దదిక్కన్నమాట.

ఇది పండితుల ముచ్చటతో అయిపోయేది కాదు. ఉపజాతే అనుకుంటే, ఇక్కడ పోయినా ఇంకోచోట ఉందిలే అని సరిపెట్టుకోవచ్చు. ఇంత పాత శాఖ పోతే రష్యా నుంచో కెనడా నుంచో తెచ్చి పూడ్చలేం. 2022 లెక్కల్లో మన పులులు 3,682. తోడేళ్లు రెండు మూడు వేలని అంచనా. ‘నాన్నా పులి’ అంటే పరుగెత్తుకొచ్చే దేశంలో తోడేలే తక్కువైంది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం తోడేలును పులితో సమానంగా మొదటి షెడ్యూల్లో పెట్టింది. కానీ చట్టం ఎక్కువగా కాపాడేది అడవిని. తోడేలుకు కావలసింది గడ్డి బీడు. నంద్యాల జిల్లా రోళ్లపాడులో 1988లో బట్టమేక పిట్ట కోసం ఆరు చదరపు కిలోమీటర్ల పచ్చికను అభయారణ్యం చేస్తే, కృష్ణజింకలతో పాటు తోడేళ్లకూ అది నీడైంది. తోడేళ్ల కోసమే ప్రత్యేకించిన చోట్లు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 1976లో ఇప్పటి ఝార్ఖండ్‌లోని మహువాడాండ్ మొదటిది. ఈమధ్య మన పొరుగున కొప్పళ జిల్లా బంకాపుర వచ్చింది.

మిగతా బీడంతా కాగితాల్లో ‘బంజరు’. ఆ మాట రాసి ఉన్న నేలకు సోలార్ పలకలైనా, ఫ్యాక్టరీ అయినా, ఆఖరికి మొక్కల పెంపకమైనా ఇట్టే వచ్చేస్తాయి. గొర్రెకూ జింకకూ మేతైన నేల, తోడేలు బొరియ తవ్వుకుని పిల్లల్ని పెట్టే నేల అదే. ఊరకుక్కలు దగ్గరైన చోట వాటి రోగాలూ తగులుతాయి, సంకరమూ జరుగుతుంది.

గొర్రె పోయిన కాపరికి డీఎన్ఏ గొప్పతనం చెబితే కడుపు నిండదు. నష్టం సొమ్ము తిప్పించుకోకుండా అతని చేతికి అందితే, ఆ బొరియలో పొగ పెట్టకుండా వదిలేస్తాడు. ముందుగా మాత్రం రెవెన్యూ దస్త్రంలో ఒక మాట దిద్దాలి. అది బంజరు కాదు, పచ్చిక.