పదో స్థానం తెచ్చిన కోచ్ – యూ సాంగ్ చోల్



ఫుట్‌బాల్ చరిత్ర అంటే కప్పు ఎత్తినోళ్ల చరిత్రే రాస్తుంటాం. ఇవాళ వేరేగా, పన్నెండు టీములున్న లీగ్‌లో తన టీమ్‌ని పదో స్థానంలో నిలబెట్టిన ఒక కోచ్ గురించి రాస్తున్నా. పోస్టు కాస్త పొడుగైంది. ఓపిగ్గా చదవండి.

ఆయన పేరు యూ సాంగ్ చోల్. 1971లో దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో పుట్టారు. 1994లో ఉల్సాన్ క్లబ్‌తో ప్రొఫెషనల్ ఆటలోకి వచ్చారు. పేరుకు మిడ్‌ఫీల్డరే గానీ ఆయన్ని ఒక్క చోట కట్టేసి చెప్పలేం. కొరియా లీగ్‌లో ప్రతి ఏడాది ఉత్తమ ఆటగాళ్లు పదకొండు మందిని ఎంపిక చేస్తారు. ఆ జాబితాలో ఆయన 1994లో డిఫెండర్‌గా, 1998లో మిడ్‌ఫీల్డర్‌గా, 2002లో ఫార్వర్డ్‌గా చోటు సంపాదించారు. 1998లోనైతే లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది కూడా ఆయనే. టీమ్‌లో ఏ మూల ఖాళీ ఉంటే ఆ మూలకి వెళ్లేవారు. మన ఊరి టీముల్లో కూడా ఇలాంటోడు ఒకడుంటాడు చూడండి. ఎక్కడ నిలబడమన్నా నిలబడతాడు, పేరు మాత్రం వేరేవాళ్లకి వస్తుంది.

ఇంకో సంగతి ఆయన ఆట మానేశాకే బయటికొచ్చింది. ఆయనకి ఎడమ కన్ను దాదాపు కనబడేది కాదట! అదే చూపుతో దేశం తరఫున వందకు పైగా మ్యాచ్‌లు ఆడారు.

ఇప్పుడు కొరియా పరిస్థితి చెప్పాలి. 1954 నుంచి 1998 దాకా వాళ్లు ఐదు ప్రపంచ కప్‌లకి వెళ్లారు. పద్నాలుగు మ్యాచ్‌లాడారు. గెలిచింది సున్నా. 1998లో ఫ్రాన్స్‌లో మెక్సికో చేతిలో 3-1తో, నెదర్లాండ్స్ చేతిలో 5-0తో ఓడారు. టోర్నమెంట్ మధ్యలోనే కోచ్‌ని తీసేశారు. చివరి మ్యాచ్ బెల్జియంతో. అప్పటికే ఒక గోల్ వెనకబడి ఉన్నారు. ఆ గోల్‌ని సమం చేసింది యూ సాంగ్ చోల్. 1-1. గెలవలేదు గానీ తలెత్తుకుని ఇంటికెళ్లారు.

నాలుగేళ్లకి ప్రపంచ కప్ వాళ్ల గడ్డ మీదికే వచ్చింది. దానికి ముందు ఏడాది, 2001 కాన్ఫెడరేషన్స్ కప్‌లో మెక్సికో మీద ముక్కు ఎముక విరిగినా ఆడి, తలతోనే గెలుపు గోల్ కొట్టారాయన. 2002 జూన్ 4న బుసాన్‌లో పోలండ్‌తో మ్యాచ్. మొదటి గోల్ హ్వాంగ్ సున్ హాంగ్‌ది, రెండోది యూ సాంగ్ చోల్‌ది. 2-0. నలభై ఎనిమిదేళ్ల తర్వాత కొరియాకి ప్రపంచ కప్‌లో మొట్టమొదటి గెలుపు అదే. అక్కణ్ణుంచి పోర్చుగల్, ఇటలీ, స్పెయిన్‌లని దాటి సెమీఫైనల్ దాకా వెళ్లి, చివరికి నాలుగో స్థానంలో నిలిచారు. ఆ టోర్నమెంట్ మొత్తం మీద ఎంపిక చేసిన ఆల్ స్టార్ జట్టులో ఇద్దరు కొరియన్లున్నారు. హాంగ్ మ్యుంగ్ బో ఒకరు, ఈయన ఇంకొకరు.

జపాన్‌లో యోకోహామా ఎఫ్. మారినోస్‌తో 2003, 2004 లీగ్ టైటిళ్లు, సొంత ఉల్సాన్‌తో 1996, 2005 టైటిళ్లు గెలిచి 2006లో ఆట ముగించారు. ఆ తర్వాత టీవీలో చిన్నపిల్లలకి ఫుట్‌బాల్ నేర్పే ఒక కార్యక్రమంలో కోచ్‌గా చేశారు. ఆ పిల్లల్లో ఆరేళ్ల లీ కాంగ్ ఇన్ ఒకడు. తర్వాత 2019 అండర్-20 ప్రపంచ కప్‌లో ఉత్తమ ఆటగాడిగా గోల్డెన్ బాల్ గెలిచాడే, ఆ కుర్రాడే.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. కోచ్‌గా మాత్రం ఆయన ప్రయాణం సాఫీగా సాగలేదు, దాచాల్సిన పనీ లేదు. 2011లో మ్యాచ్ ఫిక్సింగ్ కుంభకోణంలో చితికిపోయిన డేజాన్ టీమ్‌ని చేతిలోకి తీసుకున్నారు. 2012 వరకే ఉన్నారు. కొన్నేళ్లు ఉల్సాన్ యూనివర్సిటీ పిల్లలకి నేర్పారు. 2018లో జియోన్నమ్ డ్రాగన్స్‌కి వెళ్లి, ఫలితాలు రాక సీజన్ మధ్యలోనే తప్పుకున్నారు. ఎక్కడా కప్పు లేదు.

2019 మేలో ఇంచియాన్ యునైటెడ్ పిలిచింది. అప్పటికి పట్టిక అడుగున కొట్టుకుంటున్న టీమ్ అది. 2019లో అక్కడ రూల్ ఏంటంటే, పన్నెండో స్థానం వస్తే నేరుగా కింది డివిజన్‌కి పడిపోయేవారు. పదకొండో స్థానం వస్తే కింది డివిజన్ టీమ్‌తో మళ్లీ ఆడి గెలవాల్సి ఉండేది. పదో స్థానం వస్తే బతికిపోయేవారు. అంటే ఆయన ముందున్న లక్ష్యం పదో స్థానం!

అక్టోబర్‌లో కామెర్లతో ఆస్పత్రిలో చేరారు. నవంబర్ 19న ఆయనే అభిమానులకి విషయం చెప్పారు. పాంక్రియాస్ క్యాన్సర్, నాలుగో దశ. సీజన్‌లో ఇంక రెండే మ్యాచ్‌లు మిగిలాయి. చికిత్స తీసుకుంటూనే మైదానం పక్కకి వచ్చి నిలబడ్డారు. నవంబర్ 24న సాంగ్జు మీద 2-0 గెలుపు. నవంబర్ 30న గ్యోంగ్నమ్‌తో ఆఖరి మ్యాచ్. పోటీ వాళ్లిద్దరి మధ్యే. ఇంచియాన్‌కి డ్రా చాలు. తొంభై నిమిషాలు గడిచాయి, 0-0. పదో స్థానం దక్కింది. టీమ్‌ని కాపాడతానని అభిమానులకి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు.

ఇక్కడ ఒక్క మాట. జబ్బు పెట్టుకుని పని చేయడమే గొప్ప అని నేననను. మనలో చాలామంది జ్వరమొచ్చినా, కళ్లు పచ్చబడినా ఆస్పత్రికి వెళ్లకుండా నెట్టుకొస్తాం. అది ధైర్యం కాదు. ఆయన ఆస్పత్రిలో చేరారు, నిజం దాచకుండా చెప్పారు, సీజన్ అయ్యాక జనవరిలో పదవి వదిలి చికిత్స మీద దృష్టి పెట్టారు. క్లబ్ ఆయన్ని గౌరవ కోచ్‌గా ఉంచుకుంది. 2021 జూన్ 7న, 49 ఏళ్లకే కన్నుమూశారు. రెండు రోజుల తర్వాత శ్రీలంకతో ప్రపంచ కప్ క్వాలిఫయర్‌లో గోల్ కొట్టిన కిమ్ షిన్ వుక్, యూ సాంగ్ చోల్ ఆరో నంబర్ జెర్సీని చేతుల్లోకి తీసుకుని ఎత్తి చూపించాడు.

ఇది చదువుతుంటే నాకు మన హైదరాబాద్ మాస్టారు సయ్యద్ అబ్దుల్ రహీమ్ గుర్తొచ్చారు. 1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయనకీ క్యాన్సరే, ఊపిరితిత్తులకి. ఫైనల్లో ఎదురుగా ఉన్నది ఎవరనుకున్నారు? దక్షిణ కొరియానే. గ్రూప్ దశలో మనల్ని ఓడించిన టీమ్. తలకి దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని రహీమ్ ఫార్వర్డ్‌గా ఆడించారు. అతను గోల్ కొట్టాడు, మనం 2-1తో బంగారు పతకం గెలిచాం. 1963 జూన్ 11న రహీమ్ వెళ్లిపోయారు.

ఒకాయన చివరి పని బంగారు పతకం, ఇంకొకాయన చివరి పని పదో స్థానం. పుస్తకాల్లో మొదటిదానికే చోటుంటుంది. కానీ ఆ రోజు ఇంచియాన్ అభిమానులకి ఆ పదో స్థానం ఎంత విలువైందో ఆలోచించండి. మన గ్రూపులో ర్యాంక్ తక్కువొచ్చిందని, సప్లీ రాసి గట్టెక్కామని తల దించుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమే ఇంత రాశా. పడిపోకుండా నిలబడ్డం కూడా చరిత్రే.

ఉంటా మరి. హాస్టల్ గ్రౌండ్‌లో కలుద్దాం.