జీవసాంకేతిక పరిశోధన ప్రాజెక్టుల నిర్వహణ

ఒక టీకా గాని, ఔషధం గాని ప్రయోగశాలలో రూపొంది ప్రజలకు చేరేలోపు అనేక విభాగాల చేతులు దాటవలసి ఉంటుంది. సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు, వైద్యులు, గణాంక నిపుణులు మొదలైనవారు ఒకే లక్ష్యంతో పనిచేసేటట్లు చూడడాన్ని జీవసాంకేతిక పరిశోధన ప్రాజెక్టుల నిర్వహణ అంటారు. భారతదేశంలో తయారైన రోటావాక్ టీకా దీనికి మంచి ఉదాహరణ.

దశలవారీ నిర్ణయాలు

జీవకణాల ప్రవర్తనను పూర్తిగా ముందే ఊహించలేము. చిన్న పాత్రలో చక్కగా పెరిగిన కణాలు పెద్ద పాత్రలో అదే విధంగా పెరుగుతాయన్న హామీ లేదు. జంతువులలో పనిచేసిన మందు మనుషులలో పనిచేయకపోవచ్చును. అందువలన పనిని దశలుగా విభజించి, ప్రతి దశ చివర కొనసాగించాలా, మార్చాలా, ఆపివేయాలా అని నిర్ణయిస్తారు. ఏ ఫలితం వస్తే ఆపాలో ప్రయోగానికి ముందే వ్రాసి ఉంచుకోవడం అవసరం. లేనిచో అప్పటికే పెట్టిన ఖర్చు, పడిన శ్రమ మీది మమకారం నిర్ణయాన్ని పక్కదారి పట్టిస్తుంది.

విభాగాల మధ్య సమన్వయం

పని ఒక విభాగం నుండి మరొక విభాగానికి చేరే చోట ఇబ్బందులు ఎక్కువగా వస్తాయి. "పని పూర్తయింది" అనే మాటకు ఒక్కొక్కరికి ఒక్కొక్క అర్థం ఉంటుంది.

* పరిశోధకునికి: పనికివచ్చే వైరస్ రకం దొరకడం.
* ఉత్పత్తి విభాగానికి: ప్రతి విడతలోను ఒకే నాణ్యత రావడం.
* వైద్యునికి: టీకా సురక్షితమని, రోగాన్ని అడ్డుకుంటుందని రుజువు కావడం.
* ఆరోగ్య కార్యకర్తకు: పల్లెలో సులభంగా వేయగలగడం.

ఈ నాలుగు అర్థాలను మొదటి నుండి ఒకచోట చర్చించడానికే అన్ని విభాగాల ప్రతినిధులతో ఒక ముఖ్య బృందాన్ని ఏర్పాటు చేస్తారు.

రోటావాక్ ఉదాహరణ

రోటావైరస్ శిశువులలో తీవ్రమైన నీళ్ళ విరేచనాలను కలిగిస్తుంది. టీకా కార్యక్రమానికి ముందు భారతదేశంలో దీనివలన ఏటా 78 వేలమందికి పైగా పిల్లలు మరణించేవారని ఒక అంచనా.

1980 దశకం మధ్యలో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో ఎం.కె.భాన్ బృందం, విరేచనాలు లేని నవజాత శిశువులలో 116ఇ అనే వైరస్ రకాన్ని గుర్తించింది. దీనిని టీకాగా మలచడంలో కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం, అమెరికాలోని పరిశోధన సంస్థలు, పాత్ అనే స్వచ్ఛంద సంస్థ, గేట్స్ ఫౌండేషన్ పాలుపంచుకొన్నాయి. ఉత్పత్తి బాధ్యతను హైదరాబాదులోని భారత్ బయోటెక్ స్వీకరించింది.

2011లో మొదలైన మూడవ దశ పరీక్షలలో ఢిల్లీ, పుణె, వెల్లూరు కేంద్రాలలో 6,799 మంది శిశువులు పాల్గొన్నారు. ఎవరికి టీకా, ఎవరికి మందులేని ద్రవం ఇచ్చారో తల్లిదండ్రులకు గాని, పరీక్షించే వైద్యులకు గాని తెలియనివ్వలేదు. మొదటి సంవత్సరంలో తీవ్రమైన రోటావైరస్ విరేచనాల నుండి సుమారు 56 శాతం రక్షణ లభించింది. 2014లో టీకాకు అనుమతి వచ్చింది.

ఈ పరీక్షలలో టీకాకు ముందు, కడుపులోని ఆమ్లాన్ని తగ్గించే ద్రావణాన్ని శిశువులకు త్రాగించారు. పల్లెలలోని టీకా కేంద్రాలలో ఇది అదనపు భారమే. ద్రావణం లేకపోయినా టీకా పనితీరు తగ్గదని మరొక అధ్యయనంలో తేలిన తరువాత, ఐదు చుక్కలు నోటిలో వేయడమే సరిపోయింది. క్షేత్రస్థాయి అవసరం ప్రయోగశాలకు ప్రశ్నగా చేరడం వలన ఏమి లాభమో ఇందులో చూడవచ్చును.

2016లో ఆంధ్రప్రదేశ్, ఒడిషా, హర్యానా, హిమాచల్ ప్రదేశ్ రాష్ట్రాలలో ఈ టీకాను సార్వత్రిక టీకా కార్యక్రమంలో చేర్చారు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత లభించింది.

గమనించదగినది

వైరస్‌ను గుర్తించినప్పటి నుండి టీకా ప్రభుత్వ కార్యక్రమంలో చేరేవరకు సుమారు మూడు దశాబ్దాలు పట్టింది. ఇటువంటి ప్రాజెక్టులలో పరీక్షలకు పట్టే కాలాన్ని తగ్గించడం కష్టం, అది ప్రమాదకరం కూడా. విభాగాల మధ్య ఎదురుచూపులలో పోయే కాలాన్ని మాత్రం తగ్గించవచ్చును. నిర్వాహకుని ముఖ్య బాధ్యత అదే. ఎందుకంటే ఆలస్యమైన ప్రతి ఏడాదీ టీకా అందని పిల్లల ప్రాణాలకు సంబంధించినది.