వల బనీను

పాతికేళ్ళు దాటిన మాట. 1998 డిసెంబరులో నేను పూరీలో ఒక బ్యాంకు శాఖలో చిన్న ఆఫీసరుని. బరంపురం తెలుగు ఇంట పుట్టి, ఒడియా బడిలో చదివి, బి.కాం. ముగించినవాణ్ణి. నా తెలుగు నా ఉద్యోగానికి అక్కరకొచ్చింది అక్కడే. పూరీ సముద్రపొడ్డున ఒడియావాళ్ళు పెంఠకటా అని పిలిచే జాలరిపేటను మనవాళ్ళు పెంటకోట అంటారు. ఊరు వాళ్ళను నోలియాలంటుంది. వాళ్ళు మాత్రం తాము వాడబలిజలమని చెప్పుకుంటారు. శాఖలో వాళ్ళ మాట తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే గనుక వాళ్ళ అప్పు కాగితాలన్నీ నా బల్ల మీదికే వచ్చేవి.

అలా వచ్చిన ఒక దరఖాస్తులో ఫైబరు బోటు, ఇంజను, వలలు, ఐసు పెట్టె, వాటి కింద ఆఖరి వరసలో ‘ఊలు స్వెట్టర్లు నాలుగు, రెయిన్‌కోట్లు నాలుగు’ అని ఉంది. ఎర్ర సిరాతో ఆ వరస కొట్టేశాను. బోటు ఆస్తి, వల ఆస్తి, ఒంటిమీది గుడ్డ మాత్రం సొంత వాడకం కిందికి వస్తుందని మా లెక్క. ఎదురుగా నిలబడిన పెద్దాయనతో, “పూరీలో చలేమిటి తాతా, ఇదేమన్నా హిమాలయాలా?” అని కూడా అన్నాను.

“సలికి కాదు బాబూ, తడికి బయం. తడిసినోడికి ఒడ్డు దూరమైపోద్ది” అన్నాడాయన. అని, వేలిముద్ర వేసి వెళ్ళిపోయాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. తరువాత ఏళ్ళలో, చలిదేశాల జాలరులు ఏం తొడుక్కుని వేటకు వెళ్ళేవారో దొరికినచోటల్లా చదువుతూ వచ్చాను. నేను చరిత్ర పట్టా ఉన్నవాణ్ణి కాను. జమాఖర్చులు చూసినట్టే ఇదీ చూశాను.

నార్వే దేశపు ఉత్తరాన, ఆర్కిటిక్ వృత్తానికి పైన లొఫోటెన్ దీవులున్నాయి. ఏటా జనవరి నుంచి ఏప్రిల్ దాకా కాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి అక్కడికి వస్తాయి. కొన్ని వందల ఏళ్ళుగా, పందొమ్మిదో శతాబ్దంలో సైతం, మనుషులు ఆ నడిచలిలో పైకప్పు లేని పడవల మీదే వాటి వేటకు వెళ్ళారు. ఒంటిని అంటుకుని ఊలు, దాని మీద మరో ఊలు, అన్నిటికీ పైన నూనె పట్టించిన తోలు. ఐస్‌లాండు జాలరులైతే గొర్రెతోలు కుట్టించుకుని, చేప కాలేయపు నూనె రుద్ది తొడుక్కునేవారు. వాళ్ళ చేతి తొడుగులకు రెండేసి బొటనవేళ్ళు అల్లేవారు. మొదట చదివినప్పుడు అచ్చు తప్పనుకున్నాను. తాడు లాగి లాగి ఒకవైపు అరిగితే, తిప్పి రెండో బొటనవేలితో తొడుక్కోవడానికట! ఒక వస్తువుకు రెండింతల ఆయుర్దాయం. తరుగుదల లెక్క తెలిసినవాళ్ళే.

నార్వేలో తొడుగులను చేతికంటే చాలా పెద్దవిగా అల్లి, నీళ్ళలో నలిపి, బాది, గట్టి దెమ్మెలాగా కుంచింపజేసేవారు. పని మొదలెట్టే ముందు వాటిని సముద్రపు నీళ్ళలోనే ముంచి పిండి తొడుక్కునేవారు. తడి తొడుగు వెచ్చగా ఉండటమేమిటి? కిటుకంతా అక్కడే ఉంది. ఒంటి వేడిని నిలబెట్టేది గుడ్డ కాదు, గుడ్డలో కదలకుండా చిక్కిన గాలి. నిలకడగా ఉన్న గాలికంటే నీరు సుమారు 25 రెట్లు త్వరగా వేడిని లాగేస్తుంది. నూలు తడిస్తే నీరు నింపుకుని ఒంటికి అతుక్కుపోతుంది, గాలికి చోటుండదు. ఊలు తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పోగులోపలికి పీల్చుకున్నా, పోగుల మధ్య గాలిని అంత తేలిగ్గా వదలదు. ఒక్క మందపాటి కోటు కంటే మూడు పలచనివి మేలన్నదీ ఇందుకే. పొరకూ పొరకూ నడుమ ఉండే గాలి కూడా లెక్కలోకి వస్తుంది. వల లాగేటప్పుడు ఒకటి విప్పవచ్చు, ఊరకే కూర్చున్నప్పుడు మళ్ళీ వేసుకోవచ్చు.

ఇంగ్లండు తూర్పు తీరంలోనూ స్కాట్లండులోనూ ఈ నడిమి పొర పేరు గాన్సీ. అయిదు పేటల ముదురు నీలం ఊలుతో, సన్నని ఇనప సూదుల మీద, ఎక్కడా కుట్టు లేకుండా గొట్టంలా అల్లేవారు. గాలి దూరనంత బిగువు. చేతులు మణికట్టుకు పైనే ఆగిపోతాయి. తడిసిన అంచు రాసుకుని చర్మం పుండు పడకుండా. చేతిని భుజం నుంచి కిందికి అల్లడం వల్ల, అరిగిన చివర ఊడదీసి మళ్ళీ అల్లుకోవచ్చు. ఈ పనంతా ఆడవాళ్ళది. హెర్రింగు చేపల పడవల వెంట రేవు రేవుకూ వెళ్ళి చేపలు కోసి ఉప్పు పట్టించిన స్కాట్లండు ఆడకూతుళ్ళు దారిలో నడుస్తూ కూడా అల్లుతూనే ఉండేవారు. పడవకు లెక్క ఉంది, చేపకు లెక్క ఉంది. ఆ అల్లిక కూలి ఏ చిట్టాలో రాశారో వెతకాలి.

గాన్సీ మీది అల్లికను బట్టి, మునిగి కొట్టుకొచ్చిన శవం ఏ ఊరిదో పోల్చేవారని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. దాన్ని బలపరచింది 1904లో డబ్లిన్‌లో ప్రదర్శించిన సింజ్ నాటకం ‘రైడర్స్ టు ద సీ’ అంటారు. అందులో చెల్లెలు అన్నను గుర్తుపట్టేది మేజోడు మీద తాను వదిలేసిన కుట్లను లెక్కపెట్టి. నాటకంలోని మేజోడు జనం నోట స్వెట్టరైంది.

పై పొర కథ వేరు. నార్వేలో మోస్ అనే ఊళ్ళో ఓడ కెప్టెను హెల్లీ యుయెల్ హాన్సెన్, భార్య మార్గరెతె 1877లో ముతక నారబట్టను అవిసె నూనెలో నానబెట్టి కోట్లు కుట్టడం మొదలెట్టారు. నారా అవిసెదే, నూనే అవిసెదే. సముద్రపు నీరు ఆగింది గాని లోపలి చెమటా ఆగిపోయింది. వల లాగేవాడికి రెండు తడులు కదా, ఒకటి బయటిది, ఒకటి తనది. రెండోదానికి విరుగుడు 1933లో దొరికింది. నార్వే సైన్యాధికారి హెన్రిక్ బ్రూన్ పాత చేపల వలలు కలిపి ముడివేసి బనీను చేశాడు. అందరూ నవ్వే ఉంటారు, అన్నీ కన్నాలే మరి! పైన చొక్కా ఉంటే ఆ కన్నాల్లో గాలి నిలిచి వెచ్చదనం, మెడ దగ్గర గుండీ విప్పితే చెమట బయటికి. ఆ రకం బనీన్లు 1953 ఎవరెస్టు యాత్రదాకా వెళ్ళాయి. చేపను పట్టే వల కొండెక్కేవాడి ఒంటిమీదికి చేరింది.

ఇంతా చదివాక పెంటకోట పెద్దాయన మాట మళ్ళీ గుర్తుకొచ్చింది. పూరీలో మంచు పడదు, నిజమే. అయితే మన పాత తెప్ప మీద దుంగల సందుల్లోంచే నీరు పైకొస్తుంది. కొబ్బరితాడుతో కుట్టిన పడవ కెరటం దాటేసరికి అందరూ తడిసి ముద్దవుతారు. అందుకే పాతవాళ్ళు గోచీతో వెళ్ళేవారు. తడి గుడ్డ కంటే తడి ఒళ్ళు ముందు ఆరుతుంది. అదీ ఒక లెక్కే, నార్వేవాళ్ళ లెక్కకు తలకిందులు. ఇంజను బోటు రావడంతో ఆ లెక్క చెల్లలేదు. తెడ్డు వేసే ఒంటికి పుట్టే వేడి లేదు. రాత్రంతా ఎదురుగాలిలో, తడిసిన నూలు చొక్కాతో ఊరకే కూర్చోవాలి. స్వెట్టరు అవసరమైంది ఇంజను వల్లనే. ఇంజనుకు అప్పిచ్చి, అదే కాగితం మీద దాని వెంట వచ్చిన ఖర్చును కొట్టేసినవాణ్ణి నేను.

ఇవన్నీ చదవకముందే, బదిలీ అయ్యే ముందు చలికాలంలో, మనసు ఊరుకోక బజారులో టిబెటన్ల దగ్గర నాలుగు ఊలు స్వెట్టర్లు కొని పెంటకోట వెళ్ళాను. పెద్దాయన ఒకటి తొడుక్కుని, దాని మీద పాత చొక్కా వేసి, ఆ పైన ఎరువుల సంచీలోంచి తీసిన ప్లాస్టిక్కు కట్టుకున్నాడు. మూడు పొరలు, ఎవరు నేర్పారో. తువ్వాలు తలకు చుట్టుకుంటూ నావైపు చూసి, “ఇవి అప్పులోనా బాబూ, బయటా?” అన్నాడు.