మదర్‌బోర్డు మారితే డ్రైవర్లు ఎందుకు మారాలి?

బేస్తవారిపేటలో గాని హైదరాబాదులో గాని ఒక పాఠశాల కంప్యూటరులో మదర్‌బోర్డు చెడిపోయిందనుకొందాము. కొత్త బోర్డు అమర్చిన తరువాత కూడా ఒక్కొక్కప్పుడు విండోస్ లేవదు. లేచినా శబ్దం రాదు, ఇంటర్నెట్ అందదు. అప్పుడు డిస్కును పూర్తిగా తుడిచి, ఆపరేటింగ్ సిస్టమును మళ్లీ ఎక్కించడం పరిపాటి. దానితో విద్యార్థుల మార్కుల పట్టికలు కూడా తుడిచిపెట్టుకొని పోవచ్చు. ఈ నష్టం అనివార్యమా? యంత్రానికీ ప్రోగ్రాముకూ గల సంబంధం ఎట్లా మారుతూ వచ్చిందో చూస్తే సమాధానం దొరుకుతుంది.

తొలినాళ్లలో ప్రోగ్రామును ఏదో ఒక యంత్రం కోసమే వ్రాసేవారు. అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో హైదరాబాదులో 1967లో వెలసిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ తొలి కంప్యూటరు టి.డి.సి.-12 (1969). అది 12 బిట్ల యంత్రం. 1970లలో అదే సంస్థ తయారుచేసిన టి.డి.సి.-316 మాత్రం 16 బిట్ల యంత్రం. మొదటిదాని యంత్రభాషలో వ్రాసినది రెండవదానికి అర్థం కాదు. యంత్రం మారితే శ్రమ మళ్లీ మొదటికి వచ్చేది.

ఈ చిక్కును తగ్గించిన వారిలో అమెరికా దేశస్థుడు గారీ కిల్డాల్ ముఖ్యుడు. 1970ల మధ్యలో అతడు తన సి.పి./ఎమ్. అనే ఆపరేటింగ్ సిస్టములో, యంత్రంతో నేరుగా వ్యవహరించే భాగాన్ని వేరుచేశాడు. దానికి బయాస్ అని పేరు. కొత్త యంత్రానికి ఆ చిన్న భాగాన్ని మాత్రం తిరిగి వ్రాస్తే చాలు. 1981లో ఐ.బి.ఎమ్. తన పర్సనల్ కంప్యూటరులో బయాస్‌ను మదర్‌బోర్డు మీది చిప్పులోనే ఉంచింది.

పరికరాలు పెరిగినకొద్దీ ఒక్కొక్కదానికి ఒక్కొక్క దుబాసీ అవసరమైంది. ఆ దుబాసీయే డ్రైవర్. 1990లలో వచ్చిన పి.సి.ఐ. పద్ధతిలో ప్రతి పరికరానికీ తయారీదారు సంఖ్య, నమూనా సంఖ్య ఉంటాయి. 1995లో వెలువడిన విండోస్ 95 ఇట్టి సంఖ్యలను చదివి, తగిన డ్రైవరును తానే వెదికేది.

శబ్దం, నెట్‌వర్కు, డిస్కు నియంత్రణ సాధారణంగా మదర్‌బోర్డు మీది చిప్పులు చేసే పనులు. బోర్డు మారితే ఆ సంఖ్యలు మారుతాయి. పాత దుబాసీలకు కొత్త చిప్పుల భాష తెలియదు. డిస్కు నియంత్రణ డ్రైవరే కొరవడితే, ఆపరేటింగ్ సిస్టము తన ఫైళ్లను తానే చదువుకోలేదు. విండోస్ ఎక్స్‌పి కాలంలో నీలితెర పడి యంత్రం ఆగిపోవడానికి ఇది ఒక ప్రధాన కారణం.

విండోస్ 10, 11, లినక్స్ అనేక డ్రైవర్లను వెంట తెచ్చుకొంటాయి. కనుక చాలాసార్లు పాత డిస్కుతోనే లేస్తాయి. కొరవడిన డ్రైవర్లను తెచ్చి ఎక్కిస్తే సరిపోతుంది. అయితే బోర్డు మారినందువలన విండోస్ లైసెన్సును మళ్లీ ధ్రువీకరించమని అడగవచ్చు. డిస్కును గూఢలిపిలో భద్రపరచి ఉంటే రికవరీ కీ కూడా కావాలి. దానిని ముందే వ్రాసి ఉంచుకోవడం మంచిది.

ఒకవేళ అన్నీ మళ్లీ ఎక్కించక తప్పకపోయినా, ముందుగా డిస్కును వేరొక కంప్యూటరుకు తగిలించి ఫైళ్లను నకలు చేసుకోవచ్చు. చెడినది బోర్డు, డిస్కులోని మార్కుల పట్టిక చెక్కుచెదరలేదు.