బకింగ్‌హామ్ కాలువ గట్టున బతికిన ఒంగోలు సంఘం



చెన్నైలో బకింగ్‌హామ్ కాలువను రోజూ దాటుతూనే ఉంటాం. ముక్కు మూసుకుని దాటేస్తాం. ఆ కాలువకు మన తెలుగువాళ్ల చావుబతుకులతో ఉన్న సంబంధం మాత్రం చాలామందికి తెలియదు. ఈసారి దాని గురించి రాద్దామనుకున్నాను.

1876లో వానలు లేవు. మరుసటి ఏడూ అంతే. మద్రాసు రాజధానిలో ధాతు కరువు మొదలైంది. దక్షిణ భారతమంతటా యాభై లక్షలకు పైగా మనుషులు పోయారని అంచనా. ఒంగోలు చుట్టుపక్కల పశువులు చచ్చాయి, ఊళ్లు ఖాళీ అయ్యాయి, వెనకే కలరా వచ్చింది.

అప్పటికి ఒంగోలు బాప్టిస్టు సంఘానికి పదేళ్లు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో మొదలైంది. తర్వాత చేరినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు, తోలుపని చేసుకునేవాళ్లు, కూలినాలి చేసుకునేవాళ్లు. కరువు ముందుగా తాకేది ఇలాంటి ఇళ్లనే. చావు లేని ఇల్లు లేదన్నట్టు అయింది.

అలాంటి సంఘాన్ని ఓదార్చడం ఎలా? మాటలతో కడుపు నిండదు. సంఘం పెద్ద జాన్ క్లౌ దొర మిషనరీ కాకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు. ఆ పనితనం ఇక్కడ అక్కరకొచ్చింది. ప్రభుత్వం కరువు పనిగా తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్లు ఆయన కాంట్రాక్టుకు తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. క్రైస్తవులనీ కానివాళ్లనీ చూడకుండా పని ఇచ్చారు. ఆ రోజుల్లో సర్కారు కరువు పనుల్లో మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టిన సంగతి గుర్తుంచుకోవాలి. ఒంగోలు పనిలో కూలి సరిగ్గా చేతికందేది. మధ్యాహ్నం పని ఆపినప్పుడు బోధకులు వాళ్ల పక్కనే కూర్చునేవారు. పోయినవాళ్ల సంగతులు వినేవారు, తమకు తెలిసిన నాలుగు మంచి మాటలు చెప్పేవారు. ఇంతకు మించిన పరామర్శ ఏముంటుంది?

ఇక్కడొక విషయం గమనించాలి. పదిహేను నెలలపాటు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గంజి కోసం మతం మారారన్న మాట ఆ పేదల మీద పడకూడదని ఆపేశారు. సాయం నిధులు అయిపోయాయి, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పిన తర్వాత కూడా జనం వచ్చారు. డబ్బు అడగలేదు. తవ్వి బొబ్బలెక్కిన చేతులు చూపించి, కష్టపడే బతుకుతాం, మమ్మల్ని చేర్చుకోండి అన్నారు.

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో దిగి ఇచ్చారు. దొర ఒక్కరికీ ఇవ్వలేదు. కరువులో తమ పక్కన నిలబడ్డ మనుషుల చేతుల మీదుగానే కొత్త జీవితం మొదలుపెట్టారన్నమాట.

మతం ఎవరిదైనా కావచ్చు, చదివి నేర్చుకోవాల్సింది ఉంది. పోగొట్టుకున్నవాళ్ల దగ్గరికి ముందు పని, కూలి, కూడు వెళ్లాయి. పేరు చేర్చుకోవడం చివర్న జరిగింది. ఆ వరుస తలకిందులై ఉంటే ఆ జనం గౌరవం మిగిలేది కాదు.

అదే కరువులో మన చెన్నైలోనూ అడయారు, కూవం నదులను కలుపుతూ కాలువ తవ్వారు. 1878లో దానికి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు పెట్టారు. తవ్విన కూలీల పేర్లు ఏ రాతి మీదా లేవు. మన సభ్యుల ఇళ్లల్లో కాలువ పని గురించి, పడవల మీద మద్రాసు వచ్చిన పెద్దల గురించి అవ్వలు తాతలు చెప్పిన మాటలు ఏవైనా ఉంటే, చిన్నవైనా సరే, ఇక్కడ రాయండి. ఆ పేర్లు మనమైనా దాచుకుందాం.