మనలియందు వినికిడి: నాడు, నేడు

చెన్నపట్టణమున కుత్తరమున నున్న మనలి, మన సంగీతచరిత్ర నెరిగినవారికి క్రొత్త పేరు కాదు. 18వ శతాబ్దమున మనలి ముత్తుకృష్ణ మొదలియారును, ఆయన కుమారుడు వేంకటకృష్ణ మొదలియారును విద్వాంసుల నాదరించిరి. ముత్తుస్వామి దీక్షితుల తండ్రియగు రామస్వామి దీక్షితులు వారి యాశ్రయమున నిచట నివసించెను. ఆయన కూర్చిన అష్టోత్తరశత రాగతాళమాలిక తెలుగు రచనయే. తమిళదేశపు టీ గ్రామమున తెలుగు పాట నెరిగి విను చెవు లుండెనని దీనివలన ఊహింపవచ్చును.

20వ శతాబ్దమున ఊరి ధ్వని మారెను. 1965లో స్థాపితమైన మద్రాసు రిఫైనరీసు సంస్థ 1969లో ఇచట చమురుశుద్ధి నారంభించెను. ఎరువుల కర్మాగారమును, రసాయన పరిశ్రమలును వెలసెను. 2011లో మనలి చెన్నై నగరపాలికలో చేరెను. ఏ దేశమందైనను కంప్రెసర్లు, టర్బైన్లు హోరెత్తు చోట రక్షణ లేక యేండ్లతరబడి పనిచేసినవారికి వినికిడి తరుగును. మన ఫ్యాక్టరీల చట్టపు మూడవ అనుబంధమున ఈ వ్యాధి పేర్కొనబడెను.

ఈ చెవుడు నొప్పి లేకయే వచ్చును. సెకనునకు 4000 కంపనముల ప్రాంతపు హెచ్చు స్వరములు మొదట దెబ్బతినును; తక్కువ స్వరములు చాలకాలము నిలుచును. అచ్చుల బలము ప్రాయికముగా తక్కువ కంపనములందును, క, త, స వంటి హల్లుల గుర్తు హెచ్చు కంపనములందును ఉండును. కావున 'కల' యన్నను 'తల' యన్నను రోగికి 'అల' యని తోచును. 'వినబడుచున్నది గాని తెలియుట లేదు' అని యతడు చెప్పుట యిందుచేతనే.

వినికిడిని యంత్రముతో నంకెలలో కొలుచుట 1920ల నుండి అమెరికాలో వ్యాప్తికి వచ్చెను. మన దేశమున 1965లో మైసూరున స్థాపితమైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ విద్యకు ప్రధానకేంద్రమయ్యెను. ఆడియాలజిస్టు మొదట చెవిని చూచి, గుబిలిగాని చీముగాని యున్నచో వైద్యునికడకు పంపును. పిమ్మట నిశ్శబ్దమైన గదిలో 250 మొదలు 8000 కంపనముల వరకు గల స్వరములను గాలిమార్గమునను, వానిలో కొన్నిటిని ఎముకమార్గమునను వినిపించి, ఒక్కొక్కటి యెన్ని డెసిబెల్సులకు వినబడునో రేఖాపటమున గుర్తించును. ఆ పటము ననుసరించి శ్రవణయంత్రమున ఏ స్వరమునకు ఎంత బలము వలయునో అంతయే యిచ్చును. అన్నిటిని సమానముగా పెంచినచో మ్రోత పెరుగును గాని మాట తెలియదు. యంత్రము పెట్టిన తరువాత చెవిలో సన్నని గొట్టము నుంచి ధ్వనిని కొలిచి సరిచూడవలెను. కొన్ని వారములు వాడిన పిమ్మట మరల సవరింపవలెను.

మనవారికి మిక్కిలి ముఖ్యమైనది మాటల పరీక్ష. ఇందు పదములను వినిపించి తిరిగి చెప్పించుదురు. ఇంట తెలుగే మాటాడు వృద్ధునికి తమిళ పదములు మాత్రమే వినిపించినచో, తప్పు చెవిదో, భాషాపరిచయము చాలకపోవుటదో తేల్చుట కష్టము. ఆ తప్పు లెక్కతో సవరించిన యంత్రము పెట్టెలోనే పడియుండును. తెలుగున నిట్టి పదపట్టికలు పరిశోధకులచే సిద్ధపరుపబడినవి. పరీక్షకు పోవువారు వానిని కోరవలెను; తెలుగు సంఘములు వృద్ధులకు తోడుగ నొకరిని పంపవలెను. తెలుగువాని చెవిని తెలుగుమాటతో కొలువుమనుట అభిమానముచేత మాత్రమే కాదు; కొలత సరిగా నుండుటకే.